సిరాబుడ్డి అడుగున పసుపు

మా బాపు బెల్లంపల్లిలో గని ఆఫీసు గుమాస్తాగా రిటైరయ్యాడు. చిన్నప్పుడు నేను ఆఫీసు పెన్సిల్‌తో లెక్కలు చేస్తే వీపు విమానం మోత మోగించిన మనిషి. ఆయన టేబుల్ మీద ఒక సిరాబుడ్డి ఉండేది. ఇత్తడి పళ్లెం, దాని మీద రెండు బుడ్లు, నీలం మూతల మీద ఎర్రటి, తెల్లటి పూలు. మేనేజరు దొర పోతూ పోతూ ఇచ్చాడని చెప్పేవాడు. దసరాకు పూజంతా దానికే. అవ్వ, అంటే మా అమ్మ, ఇత్తడి గిన్నెలన్నీ చింతపండుతో తోమేది గానీ, దాన్ని మాత్రం తాకనిచ్చేవాడు కాదు. తనే తుడిచి, బొట్టు పెట్టి, తిరగేసి అడుగున కూడా మందంగా పసుపు పూసేవాడు. భక్తి ఎక్కువేమో అనుకున్నాను.

పోయిన నెల ఫోన్‌లో అచ్చం అలాంటిదే కనిపించింది. ఫ్రాన్స్‌లో నూరేళ్ల కింద చేసినవట. ఉబలాటం ఆగలేదు. బెల్లంపల్లి వెళ్లినప్పుడు బాపుకు చెప్పకుండా సంచిలో వేసుకుని కరీంనగర్ తెచ్చాను. అది దొంగతనమని అప్పుడు తోచనే లేదు.

మా వీధిలో వెండి తీగపని చేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన భూతద్దం పెట్టి చూసి, పువ్వు అంచు వెంబడి గోరు నడిపాడు.

"దీంట్ల తీగ లేదు బిడ్డా. తీగ అతికిస్తే గోరుకు తెలుస్తది. గిది ఇత్తడిని తొలిచి, గుంతల్ల రంగు గాజుపొడి నింపి కాల్చిండ్రు. మన దిక్కు పని గాదు."

మూత లోపల చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఫ్రాన్స్ అని ఉంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"అడుగున చేసినోని ముద్ర ఉంటదేమో జూద్దాం. గీడ పసుపెవలు పూసిండ్రు?" అని నవ్వి, కుంకుడు రసంతో మెత్తగా రుద్దాడు.

ఏళ్ల పసుపు పొరలుగా ఊడింది. చేసినవాడి ముద్ర లేదు. గని ఆఫీసు పేరు, దాని పక్కన సామాను నంబరు గుద్ది ఉన్నాయి. ఆఫీసు కుర్చీలకు, బీరువాలకు వేసే నంబరే.

దొర ఇచ్చిందే అయితే నంబరు దాచడమెందుకు? పెద్దాయన నంబరును మరోసారి చదివి, బుడ్డిని గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

మర్నాడు బెల్లంపల్లి బస్సులో కండక్టర్ టికెట్ అడిగినా ఉలిక్కిపడ్డాను. బాపు పింఛను ఆపేస్తారా? ఈ వయసులో ఆయన్ను పోలీసు స్టేషన్‌కు పిలుస్తారా? అన్నిటికన్నా, ఆయన ముఖం చూసి అడగాలంటేనే నాకు భయం.

ఇంట్లో బాపు ఖాళీ టేబుల్ ముందు కూర్చుని ఉన్నాడు. బుడ్డి పోయిందని తెలిసినప్పటి నుంచి అన్నం ముట్టలేదని, పోలీసులకు చెప్దామంటే కసిరాడని అవ్వ చెప్పింది. నేను మూట విప్పి చేతికిచ్చాను. ఆయన మొదట దాన్ని తిరగేశాడు. మెరుస్తున్న అడుగు చూసి నంబరు మీద బొటనవేలు పెట్టాడు. ఎందుకు తీసుకుపోయావని కూడా అడగలేదు.

"ఎవలన్న సూసిండ్రా బిడ్డా?" అన్నాడు.

నన్ను పెన్సిల్ కోసం కొట్టిన మనిషిని కడిగేద్దామని దారంతా మాటలు కూడబెట్టుకున్నాను.

"ఎవలూ సూడలే బాపూ."

వంటింట్లోకి వెళ్లి పసుపు కలుపుకొచ్చాను. ఆయన బుడ్డిని తిరగేసి పట్టుకున్నాడు. నంబరు కనపడకుండా నేనే పూశాను.