పడమటికి పోయిన గేటు

1931 జూన్ 8న టెక్కలిలో జిల్లా బోర్డు ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. ఓవర్సీరు గీసిన పెన్సిల్ చిత్తును ట్రేసింగ్ గుడ్డ మీద సిరాతో ఎత్తడం ట్రేసరు పని. ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. ఆడమనిషి చేతిలో స్కేలు నిలవదని గుమాస్తాలు నాకు వినబడేలాగే అనుకునేవారు.

ఆగస్టులో పలాస స్టేషను దగ్గర ఒక కట్టడం మంజూరైంది. ఉద్దానం కొబ్బరి బళ్ళు, కొత్తగా తిరుగుతున్న మోటారు బస్సులు ఆగడానికి షెడ్డు. దాన్ని ఆనుకుని ఊరి సభలకు హాలు. రైలు కోసం కాచుకునే ఆడవాళ్ళకు ఒక గది. అన్నీ ఒకే కప్పు కింద, తొంభై అడుగుల పొడవున. రోడ్డు తూర్పున ఉంది కనుక షెడ్డు, గేటు అటు. ఆడవాళ్ళ గది పడమట, స్టేషను వైపు.

చిత్తు పల్చటి నూనె కాగితం మీద ఉంది. అందులో గదుల పేర్లు, దిక్కు గుర్తు ఉండవు; కాగితం పై అంచే ఉత్తరం అని లెక్క. గీతలన్నీ ఎత్తాక ట్రేసరే రాయాలి. రెండు రోజుల్లో పూర్తిచేశాను. ఓవర్సీరు సంతకం చేశారు.

సెప్టెంబరు 14, సోమవారం శంకుస్థాపన. అంతకు ముందు శుక్రవారం, మేస్త్రికి రెండో ప్రతి ఇచ్చి రమ్మని నన్ను పలాస పంపారు. అప్పటికే ముగ్గు పోసి యాభై రెండు అడుగుల పునాది తవ్వేశారు. ముసలి మేస్త్రి తాపీ కింద పెట్టి నన్ను చూశాడు.

"ఏటమ్మా, బళ్ళు గోడెక్కి దూకుతాయేటి? దారి తూరుపునుంటే గేటు పడమటెట్టినారు."

కూలీలు నవ్వారు. నేను ప్లాను విప్పి చూసుకున్నాను. షెడ్డు స్టేషను గోడకు ఆనుకుంది. ఆడవాళ్ళ గది తలుపు బళ్ళ రోడ్డు మీదికి తెరుచుకుంది. నూనె కాగితానికి రెండు వైపులా గీత ఒకేలా కనబడుతుంది. నేను దాన్ని బోర్లా పరిచి ఎత్తాను.

తిరుగు బస్సులో టెక్కలి చేరాను. సంతకం అయ్యాక చిత్తు చింపేయడం ఆఫీసు ఆనవాయితీ. అది ఇంకా నా సొరుగులోనే ఉంది. చింపేస్తే తప్పు సంతకం చేసినవారి మీదికి పోతుంది. చూపిస్తే నా ఉద్యోగం పోతుంది.

చిత్తు తీసి ఓవర్సీరు బల్ల మీద పెట్టాను, నేను ఎత్తినట్టే బోర్లా. మేస్త్రి మాట వినిపించాను. ఆయన దాన్ని తిప్పి, ప్లాను పక్కన పెట్టి చూశారు.

"సూడకుండా సంతకమెట్టినాను కదమ్మా," అన్నారు. "ఎన్నడుగులు తవ్వీసినారు?"

చెప్పాను. ఆ తవ్వకం పూడ్చమని మేస్త్రికి కబురు పంపి, నన్ను మళ్ళీ గీయమన్నారు. శనివారం మధ్యాహ్నానికి ఇచ్చాను. ఈసారి ఆయన ప్రతి గోడా చిత్తుతో సరిచూశారు. ముహూర్తం తప్పలేదు. నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఒకటి చేరింది. డిసెంబరులో ఉద్యోగం ఖాయం చేయలేదు. మరో ఆరు నెలలు పొడిగించారు.

ట్రేసరు భయపడాల్సిన తప్పు వంకర గీత కాదు. అది ఎవరికైనా కనబడుతుంది. అన్ని కొలతలూ సరిపోయి, దిక్కు మారిపోయిన ప్లానే ప్రమాదం. తర్వాత ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, చిత్తు మీదా గుడ్డ మీదా ఉత్తర దిక్కు చూపే బాణం వేయకుండా మొదటి గోడ గీయలేదు.