నాయన హజ్ దుడ్లు, నా కాళ్ళు

ఆ రోజు ఒక పెళ్ళికూతురి జాకెట్ నా చేతిలో పాడైపోయింది. నంద్యాలలో మా ఇంటి ముందు గదే నా టైలర్ షాపు. మోటారు మిషన్ మీద పట్టు జాకెట్ చేతికి అంచు కుడుతున్నాను. మూల దగ్గర ఆపాలని పెడల్ మీది నుంచి కాలు తీశాను. తీశానని నేను అనుకున్నాను. మిషన్ ఆగలేదు. సూది ఆ పట్టుగుడ్డను లాక్కుపోయి మడత మీద మడత కుట్టేసింది. వంగి చూస్తే నా కుడికాలు పెడల్ మీదే ఉంది. ఉన్న సంగతి నాకు తెలియడం లేదు.

సాయంత్రానికి రెండు అరికాళ్ళలోనూ చీమలు పాకుతున్నట్టయింది. ఆళ్ళగడ్డలో ఉన్న మా నాయనకు ఫోన్ చేశాను. మేము దూదేకుల వాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలం. మా నాయన దస్తగిరి ఇప్పటికీ పరుపులు కుడతాడు. ఆయనకు తెలియని జబ్బు లేదని ఆయన నమ్మకం.

"పొద్దన్నుంచి మిషన్ కాడ కూసుంటే తిమ్మిరి రాక ఏమొస్తాది? సాకులు మాని లేసి నాలుగడుగులు నడువు" అన్నాడు.

ఆయన మాట విని ఆ మరునాడంతా ఇంట్లోనే ఇటూ అటూ నడిచాను. ఆ మర్నాడు గడప దాటబోతే మోకాళ్ళు మడతపడి కూలబడ్డాను. నా భార్య షమీం, పక్కింటాయన కలిసి ఆటోలో వేసుకుపోయారు.

నంద్యాల డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళ కింద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. "రిఫ్లెక్సెస్ లేవు. ఈ మధ్య జ్వరం గానీ లూజ్ మోషన్స్ గానీ వచ్చాయా?" అని అడిగాడు. కొన్నాళ్ళ కిందట వచ్చి తగ్గాయని చెప్పాను. "ఇది జీబీఎస్ లా ఉంది. నేరుగా కర్నూలుకు పోండి. ఇంటికి పోయి సంచి సర్దుకుంటామంటే కుదరదు" అన్నాడు. నేను ఆ పేరు అంతకు ముందు వినలేదు. ఏదో ఫైనాన్స్ కంపెనీ పేరులా వినిపించింది. తర్వాత చూస్తే అంత తప్పుగా ఏమీ వినలేదు.

కర్నూలులో నర్వ్ కండక్షన్ టెస్ట్ అని కాళ్ళకూ చేతులకూ చిన్న చిన్న కరెంటు షాకులు పెట్టారు. లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీశారు. అప్పటికి చేతులు కూడా బరువెక్కి, గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. న్యూరాలజిస్టు వివరంగానే చెప్పింది. "జీబీఎస్ అంటే గిలాన్ బారే సిండ్రోమ్. ఇన్ఫెక్షన్ మీద పోరాడాల్సిన ఇమ్యూనిటీ పొరపాటున మీ నరాల మీదే పడింది. ఐవీఐజీ అని నరంలోకి ఎక్కించే మందు వెంటనే మొదలుపెట్టాలి. బ్రీదింగ్ మజిల్స్ కు పాకితే వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది."

ఆ మందు ధర విని షమీం గోడ పట్టుకుంది. ఆ ఆసుపత్రిలో ప్రభుత్వ పథకం లేదు. ఉన్నచోటికి మారేంత వ్యవధి లేదన్నారు. షమీం తన నగలు ఫైనాన్స్ లో పెట్టింది. ఫోన్ లో ఇచ్చే అప్పు ఒకటి తీసుకున్నాం. అదీ చాలక నంద్యాలలో గుడ్డల వ్యాపారి శెట్టిగారిని అడిగాం. నేను లైనింగ్ గుడ్డ తెచ్చుకునేది ఆయన దగ్గరే. మా నాయన పరుపు గుడ్డ తెచ్చుకునేదీ ఆయన దగ్గరే. మంచం మీద నుంచే ఆయనతో ఫోన్లో మాట్లాడాను. "మా నాయనతో మాత్రం చెప్పొద్దు సావుకారీ" అని బతిమాలాను. ఆయన సరేనన్నాడు.

ఎందుకు దాచామంటే, అదే ఏడు మా అమ్మానాయనల పేర్లు హజ్ కు డ్రాలో వచ్చాయి. అమ్మ దూది దుమ్ములో దగ్గుకుంటూ ఏళ్ళ తరబడి కూడబెట్టిన దుడ్లతో పోవాలనుకున్నారు. అప్పుల సంగతి తెలిస్తే వాటిని మాకే ఇచ్చేస్తారని భయం. వాళ్ళు కర్నూలుకు పరిగెత్తుకొస్తే ఖర్చంతా పథకంలో పోయిందని చెప్పాం. అమ్మ దువా చేసి ఊదిన నీళ్ళు తాగించింది. నాయన మంచం పక్కన నిలబడి నా పాదాల వైపే చూస్తుండిపోయాడు.

ఐవీఐజీ అయ్యాక జబ్బు పాకడం ఆగింది. ముందు చేతులు తేరుకున్నాయి. కాళ్ళకు నెలలు పడుతుందన్నారు. "నరం దానంతట అది మెల్లగా రిపేర్ అవుతుంది. అందాకా మజిల్ ను కాపాడుకోవాల్సింది మీరే. ఫిజియోథెరపీ మానొద్దు" అని న్యూరాలజిస్టు మరీ మరీ చెప్పింది.

నేను మానేశాను. ఫిజియోకు ఫీజు కట్టాలి, ఆటోకు ఇవ్వాలి, నెల తిరిగేసరికి అప్పుల కంతులు వచ్చి నెత్తిన కూర్చుంటాయి. పెడల్ ను బల్ల మీద పెట్టుకుని మోచేత్తో నొక్కుతూ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. నంద్యాలలో మోచేత్తో మిషన్ తొక్కిన మొదటి టైలర్ని నేనే అయ్యుంటాను. ఫిజియో ఫోన్ చేస్తే "ఆర్డర్లు ఎక్కువున్నాయి సార్, వచ్చే వారం వస్తా" అనేవాణ్ణి. ఒకరోజు బాత్రూంలో పడ్డాను. ఎముక విరగలేదు గానీ, పరీక్ష చేసిన డాక్టరు ముఖం మారిపోయింది. "పిక్కలు చూడండి, మజిల్ వేస్టింగ్ మొదలైంది. ఇలాగే వదిలేస్తే రెండు కాళ్ళకూ ఫుట్ డ్రాప్, అంటే పాదం పైకి లేవకపోవడం, నిలిచిపోవచ్చు. ఎందుకు మానేశారు?" షమీం నేల చూసింది.

మాలో ఒక పద్ధతి ఉంది. హజ్ కు పోయేవాళ్ళు ముందుగా తెలిసినవాళ్ళందరి దగ్గరికీ పోయి, మీకు ఏమన్నా బాకీ ఉంటే చెప్పండి, తప్పు చేసుంటే మాఫ్ చేయండి అని అడగాలి. అందరూ బయలుదేరే ముందు అడుగుతారు. మా నాయనకు అన్నిట్లోనూ తొందర. ప్రయాణం ఇంకా చాలా దూరం ఉండగానే మొదలుపెట్టి, ఆళ్ళగడ్డలో ఇళ్ళన్నీ తిరిగి నంద్యాలకు వచ్చాడు. శెట్టిగారి అంగట్లో కూర్చుని ఆ మాటే అడిగాడు.

ఆ తర్వాత జరిగింది శెట్టిగారే నాకు చెప్పాడు. "నీ బాకీ ఏం లేదు దస్తగిరీ, నీ కొడుకుదే ఉండేది. చెప్పొద్దన్నాడప్పా. అయితే నువ్వు దేవుని కాడికి పోతాండావ్. నీ మొగం చూసి అబద్ధం ఎట్ల చెప్పేది?"

మధ్యాహ్నం నాయన మా గడపలో నిలబడ్డాడు. నేను మోచెయ్యి పెడల్ మీద పెట్టి ఉన్నాను. ఆయన నా మోచెయ్యి చూశాడు, పెడల్ చూశాడు, బల్ల కింద వేలాడుతున్న నా కాళ్ళు చూశాడు.

"సావుకారి కాడ నుంచి వస్తాండా" అన్నాడు.

జీబీఎస్ అన్ననాడు కూడా నేను అంతగా అదిరిపోలేదు.

"నా బాకీలు యాడున్నాయని ఊరూరా తిరుగుతాండా నేను. నా ఇంట్లోనే ఉండాయంట గదా" అన్నాడు. లోపలికి పోయి షమీంను అడిగి మిగతావి కూడా చెప్పించుకున్నాడు. బయటికి వచ్చి, హజ్ దుడ్లు తీసి కట్టేస్తానన్నాడు. నేను వద్దన్నాను. అరిచాను కూడా. అమ్మకు ఫోన్ చేసి "నీ ఆశ గదమ్మా, నువ్వన్నా చెప్పు" అన్నాను. "నీ కాళ్ళు ఆడకుంటే నేను ఆడికి పోయి ఏం దువా చేసేది? ఈ కాళ్ళ కోసమే గదరా. అదేదో ఈడనే కానీ" అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఒక్కటే దారి తోచింది. నాయనను ఆటోలో మసీదుకు తీసుకుపోయాను. అక్కడి ఇమాంను మేము హజ్రత్ అంటాం, ఆయన మాటకు నాయన ఎదురు చెప్పడు. నేను కోరుకున్నట్టే హజ్రత్ అన్నాడు, "పెరిగిన కొడుకు బాకీ తండ్రి మీద పడదు. మీరు నిశ్చింతగా పోయి రావచ్చు."

నేను గెలిచాననుకున్నాను.

"పడదని నాకూ తెలుసు హజ్రత్" అన్నాడు నాయన. "మోయొచ్చా లేదా అని అడుగుతాండా."

హజ్రత్ నా కాళ్ళ వైపు చూశాడు. "మోయొద్దని యాడా లేదు" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, అది కూడా మసీదు మెట్ల మీద, నలుగురూ చూస్తుండగా.

వాళ్ళు ప్రయాణం రద్దు చేసుకున్నారు. కట్టిన దాంట్లో కొంత కోత పోయి మిగతాది వచ్చింది. దానికి ఇంట్లో దాచింది కలిపి అప్పులన్నీ తీర్చాడు. షమీం మెడలోకి నగలు తిరిగొచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు. డ్రాలో పేరు వచ్చిన నాడే అమ్మకు ఇరుగుపొరుగు కట్టబెట్టిన హజ్జమ్మ అనే పేరు మాత్రం ఇంకా అలాగే ఉంది.

అప్పులు తీరిన మర్నాటి నుంచే ఫిజియోకు పోయాను. ఇప్పుడు కుడికాలు బాగా వచ్చింది. ఎడమ పాదం కొంచెం ఈడుస్తుంది, పాదం వేలాడకుండా పట్టి ఉంచే స్ప్లింట్ చెప్పులో వేసుకుంటాను. పెడల్ మళ్ళీ నేల మీదికి దిగింది. కుట్టు కూలిలో కొంత తీసి అమ్మ పేరున పోస్టాఫీసులో వేస్తున్నాను. నాయనకు అది ఇష్టం లేదు. నేను ఆయన్ను అడగలేదు.

పోయిన నెల ఆయన షాపుకు వచ్చి, నేను మిషన్ తొక్కుతుంటే చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి, "ఆ పొద్దు అందరినీ అడిగి, కడాకు నిన్ను అడగాలనే ఈడికి వచ్చింటి. గడపలో నీ కాళ్ళు చూసి మరిచిపోయినా" అన్నాడు.

"ఏం అడగాలని నాయనా?"

"తిమ్మిరని నువ్వు ఫోన్ చేస్తే సాకులు మానమంటి. ఒక దినమంతా పోయె నా మాటతో. మాఫ్ చెయ్ రా."

నేను ఆ మాట ఎప్పుడో మరిచిపోయాను. ఆయన దాన్ని ఇన్నాళ్ళూ మోస్తున్నాడు. మిషన్ ఆపడానికి కాలు తీశాను. ఈసారి ఆగింది. లేచి పోయి ఆయన పక్కన కూర్చున్నాను. మాఫ్ చేస్తానని తండ్రితో ఎట్లా అంటాను, చెయ్యనని ఎట్లా అంటాను, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఈ జబ్బు పడి లేస్తున్న వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. దుడ్లు లేక ఫిజియో మానాల్సి వస్తే, ఆ మాట ఫిజియోతోనే చెప్పండి. ఆర్డర్లు ఉన్నాయనీ ఊరికి పోతున్నామనీ చెప్పకండి. నిజం తెలిశాక మా ఫిజియో తల కొట్టుకున్నాడు. "ముందే అనుంటే ఇంట్లో చేసుకునే ఎక్సర్సైజులు నేర్పించి, నెలకోసారి చూసేవాణ్ణి కదయ్యా" అన్నాడు. నేను నోరు తెరవలేదు, నా తరఫున శెట్టిగారు తెరిచాడు కాబట్టి నడుస్తున్నాను. అందరికీ అట్లాంటి శెట్టి దొరకడు.