ఐదు కిటికీలు తక్కువైన పెట్టె

ఆయన్ని కార్ఖానాలో అందరూ అంగుళం అనేవాళ్ళు. మొదట్లో చాటున అనేవాళ్ళు, తర్వాత్తర్వాత ఎదుటే అనేశారు. ముప్పై నాలుగేళ్ళు రైలు పెట్టెలకు రేకు తొడిగిన మనిషి. కిటికీ చట్రం నూలుపోగంత పక్కకు జరిగినా సరే, విప్పించి మళ్ళీ బిగించేదాకా నోట్లో ముద్ద దిగేది కాదు. ఆయన అటు వస్తున్నాడంటే కుర్చీలు బిగించేవాళ్ళు కూడా ఉలిక్కిపడి తమ మరలు ఒకసారి తడుముకునేవాళ్ళు.

అలాంటివాడు రిటైరై ఇంట్లో కూర్చుంటే ఇల్లాలి గతి ఏమిటో చెప్పక్కర్లేదు. నెల తిరక్కుండా ఇంట్లో ఏ తలుపూ మూలమట్టంలో లేదని తేల్చేశాడు. వంటగది అరలు వంకరన్నాడు, గోడ గడియారం ఒరిగిందన్నాడు. ఆవిడ విని విని, తన తమ్ముడికి కబురు పెట్టి, మీ బావని ఒక పూటైనా ఎక్కడికన్నా తీసుకెళ్ళరా అని బతిమాలుకుంది.

తమ్ముడికి మేడ మీద ఒక గది ఉంది. గది నిండా బల్ల, బల్ల నిండా బొమ్మ రైలు. పట్టాలు, స్టేషను, వంతెన, సొరంగం, అన్నీ నిజంవాటికి ఎనభై ఏడో వంతు. పన్నెండేళ్ళుగా పోగేసుకున్న సంబరం అది. బావకి చూపిస్తే మురిసిపోతాడనుకుని మీట నొక్కాడు. రైలు గుండ్రంగా తిరిగింది. అంగుళం కుర్చీలో ముందుకు వంగి ఒక పెట్టె వంక చూస్తూ పెదాలు కదిపాడు. లెక్కపెడుతున్నాడు.

"పదమూడే ఉన్నాయేమిట్రా?"

నిజం పెట్టెకి ఒక పక్క పద్దెనిమిది కిటికీలుంటాయి. వీటికి ఐదు తక్కువ. పదకొండు అంగుళాలుండాల్సిన పెట్టె ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోయింది. ఒళ్ళు కురచ, ఎత్తు మాత్రం పూర్తిగా. పైగా చక్రాలకీ ఒంటికీ మధ్య ఇంత సందు. బురదలో బట్టలు ఎగ్గట్టుకుని నడిచే మనిషిలా ఉంది వాలకం. పెట్టెకీ పెట్టెకీ నడుమ ఏనుగు దూరేటంత ఖాళీ.

చిన్న వంపుల్లో తిరగాలని కంపెనీవాళ్ళే అలా కురచగా చేస్తారనీ, ఎవరూ పట్టించుకోరనీ బావమరిది నచ్చజెప్పబోయాడు.

"చెప్పు పట్టలేదని కాలు కోసుకుంటామట్రా?" అని, అడక్కుండానే రెండు పెట్టెలు సంచీలో వేసుకుని లేచాడు అంగుళం.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచాడు. ఒక పెట్టెలో తలుపుతో సహా తొమ్మిది కిటికీలు ఉంచి మిగతాది కోసేశాడు. రెండోదాన్ని అటువైపు నుంచి అలాగే కోశాడు. రెండు ముక్కల్నీ కలిపితే పద్దెనిమిది. చెప్పడానికి ఇంతే. రంపం వేడికి ప్లాస్టిక్ కరిగి జిగురుగా పళ్ళకి అంటుకునేది. రేకుతో మాట్లాడిన చేతులకి ఆ మెత్తదనం రోత పుట్టించింది. జిగురు వాసనకి తల దిమ్మెక్కేది. అతుకు మీద లప్పం పెట్టి, ఎమిరీ కాగితంతో రుద్ది, మళ్ళీ పెట్టి, మళ్ళీ రుద్ది, పెట్టె కిందకి దిగేలా అడుగు చట్రాన్ని ఆకురాయితో అరగదీసి, పెట్టెల మధ్య సందు తగ్గేలా కొక్కేలు లోపలికి జరిపి, మొత్తానికి మూడు వారాల్లో ఒకటి తేలింది. కోయగా మిగిలిన నాలుగేసి కిటికీల ముక్కలు డబ్బాలో తెగిన బల్లి తోకల్లా పడి ఉండేవి. ఆవిడ ఆ డబ్బా మీద మూత పెడుతూ ఉండేది, చూడలేక.

పెట్టె తీసుకెళ్ళి పట్టాల మీద పెట్టారు. తిన్నగా ఉన్నచోట రాజాలా వెళ్ళింది. వంపు రాగానే పక్కకి ఒరిగి వంతెన మీంచి కిందపడింది. బావమరిది నవ్వాపుకున్నాడు. అంగుళం మాత్రం పెట్టె వంక చూడలేదు, పట్టాల వంక చూశాడు. తప్పు వంపుదని తీర్పు చెప్పాడు. వంపు పెద్దదవ్వాలంటే బల్ల పెద్దదవ్వాలి, బల్ల పెద్దదవ్వాలంటే గదిలో మంచం బయటికి పోవాలి. పోయింది. మంచం ముందుగదిలోకి వచ్చినందుకు బావమరిది భార్య మొగుడితో పదిరోజులు మాట్లాడలేదు.

రెండో పెట్టె అయింది. మూడోది అవుతుండగా బొమ్మ రైళ్ళ సంఘంవాళ్ళ ప్రదర్శన దగ్గరికొచ్చింది. మూడూ పెట్టాల్సిందేనని బావమరిది పట్టుబట్టాడు. తేదీ తరుముతుంటే, మూడోదాని కప్పు మీద లప్పం పూర్తిగా ఆరకుండానే అంగుళం రంగు వేసేశాడు. తెల్లారి చూస్తే అతుకు దగ్గర లప్పం కుంగి, కప్పుకి అడ్డంగా చిన్న గాడి పడింది. పై నుంచి చూస్తే తప్ప కనబడదులే అనుకున్నాడు. ఆ మాట అనుకున్నందుకు అప్పుడే తన మీద తనకే చీదర పుట్టింది, అయినా అట్టపెట్టెలో సర్దేశాడు.

ప్రదర్శన ఒక బడి హాల్లో. సంఘం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. బల్లల వెంట వంగి చూసుకుంటూ వచ్చి మూడో పెట్టె దగ్గర ఆగాడు. కప్పు మీద ఆ గాడిని చిటికెన వేలితో నిమిరాడు. పాత పెట్టెల కప్పు సరిగ్గా ఇక్కడే సొట్టపడుతుందనీ, ఇంత సహజంగా దించడం తను ఎక్కడా చూడలేదనీ, మొదటి బహుమతి దీనికేననీ చుట్టూ ఉన్నవాళ్ళకి వినిపించేలా చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

అంగుళం చెయ్యి జేబులో కొలబద్ద మీదికి పోయింది. ఎప్పుడో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడంటే, ఒక పెట్టె కప్పు అతుకు సరిగ్గా కూర్చోకపోయినా ఫోర్‌మన్ మాట విని లప్పం మెత్తి రంగు కొట్టింది ఆయనే. అధికారి ఆ నిగనిగ చూసి వీపు తట్టాడు. తర్వాత వానాకాలంలో ఒక ఫిర్యాదు ఉత్తరం వచ్చింది. చంటిబిడ్డ తల్లి ఎవరో, ఆ పెట్టెలో ప్రయాణమంతా గొడుగు వేసుకుని కూర్చుందట. ఆ ఉత్తరం అందరి ముందూ చదివి నవ్వుకున్నారు. ఎవరి పనో ఎవరికీ తెలియదు. ఆయన జేబులోకి కొలబద్ద వచ్చింది ఆ మర్నాటి నుంచే.

"డాక్టరుగారూ, అది సొట్ట కాదు," అన్నాడు. "నేను చెడగొట్టిన అతుకు."

డాక్టరు నవ్వి, అయితే ఏమైంది, చూడ్డానికి బాగుంది కదా, మీరు చెబితే తప్ప ఎవరికి తెలుస్తుందన్నాడు.

"మీరు పన్ను సరిగ్గా పూడ్చకపోతే నవ్వు సహజంగా ఉందంటారా?"

డాక్టరు మొహం కందగడ్డయింది. బహుమతి పక్క బల్ల మీది పెట్టెకి వెళ్ళింది. అద్దంలా మెరుస్తున్న రంగు, పదమూడే కిటికీలు. దాన్ని చూడలేక అంగుళం తల తిప్పేసుకున్నాడు.

బస్సులో బావమరిది దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. విషయం తెలిసి ఆవిడ మాత్రం, ఇచ్చిన చేతినే కరుస్తారా మీరు అంది. ఆయన మూడో పెట్టె బయటికి తీశాడు. దుప్పటి పరిచి కప్పు కోసేశాడు. ఈసారి లప్పం ఆరడానికి వారం ఆగాడు.

ఆ తర్వాత నెలకి పళ్ళ డాక్టరు బావమరిది చేత తన పెట్టెలు రెండు పంపించాడు, ఒకటిగా చేసి పెట్టమని. అంగుళం వాటిని అటూ ఇటూ తిప్పి, పదకొండు తప్పులు కాగితం మీద రాసి వెనక్కి పంపాడు. ఆదివారం డాక్టరు స్వయంగా దిగాడు, ఆ కాగితం పట్టుకుని. పోట్లాటకి అనుకుంది ఆవిడ. కాదు, నాలుగో తప్పు అర్థం కాలేదట. కూర్చోబెట్టి ఆకురాయి చేతికిచ్చాడు అంగుళం. ఇప్పటికీ వస్తుంటాడు. ఎంత చెప్పినా పన్ను పీకినట్టే లాగుతాడని అంగుళం విసుక్కుంటాడు, ఆయన ముందే.

ఎనిమిది పెట్టెల రైలు పూర్తయింది. మేడ మీద గదిలో పెద్ద వంపు తిరిగి వస్తుంటే బావమరిది భార్య కూడా గుమ్మంలో నిలబడి చూసింది. అంగుళం వంగి ఒక పెట్టె కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. లోపల బావమరిది కొని తెచ్చి కూర్చోబెట్టిన బొమ్మ మనుషులకి నడుం కింద ఏమీ లేదు. కుర్చీల్లో ఇమడాలని కంపెనీవాళ్ళు కాళ్ళు లేకుండానే పోతపోశారు.

ఛీ, అన్నాడు. రైలు ఆపించాడు.

దూరం నుంచి చూసేవాళ్ళకి కాళ్ళు ఎలాగూ కనబడవు కదండీ అని పక్కనున్న ఇల్లాలు నెమ్మదిగా చెప్పి చూసింది.

"స్టేషనొస్తే వాళ్ళు దిగొద్దుటే?"

ఇప్పటికి నలభై రెండు మందికి కాళ్ళు అతికించాడు. ఇంకా మూడు పెట్టెల జనం మిగిలి ఉన్నారు.