తేలిన గింజలు

రెండోసారి నీళ్ళు పోసి బియ్యం కడుగుతున్న కోమలి చెయ్యి ఆగిపోయింది. బియ్యమంతా గిన్నె అడుగున కూర్చుంటే ఆరేడు గింజలు మాత్రం పైన తేలుతున్నాయి. ఒకదాన్ని వేలితో అదిమింది. మునిగినట్టే మునిగి, వేలు తియ్యగానే మళ్ళీ పైకి లేచింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయి చూసింది. మిగతా బియ్యం కంటే కాస్త పసుపు. నున్నగా ఉంది. చేత్తో చేసినట్టుంది తప్ప చేలో పండినట్టు లేదు.

వెనక చాప మీద రెండున్నరేళ్ళ లోహిత బోర్లా పడుకుని, "అమ్మా, కడుపు నొస్తాంది" అంటోంది. నిన్నా అదే మాట. మొన్నా అదే మాట.

ఆ ఇంట్లో ఆ బియ్యం వండడం మొదలై పన్నెండు రోజులైంది. ఆ సంగతి కోమలి ఎవరికీ చెప్పలేదు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కాయ ఉన్నన్నాళ్ళే నడుస్తాయి. కోమలి మొగుడు మునిప్రసాద్ అలాంటి ఒక ఫ్యాక్టరీలో డబ్బాలు మోసేవాడు. కాయ అయిపోయింది, పనీ అయిపోయింది. ఇప్పుడు సిమెంటు అంగట్లో మూటలెత్తుతున్నాడు. వచ్చేది ముందరి దాంట్లో సగం. ఆదివారం ఆదివారం సరుకులకని అతను చేతిలో పెట్టే డబ్బుతో వారమంతా ఈదాలి.

కోమలి పైకి కనబడని చోట్ల ఖర్చు కోసుకుంటూ వచ్చింది. పొద్దున మార్కెట్టుకు పోవడం మానేసి, అంగళ్ళు సర్దుకునే వేళకు పోయి మెత్తబడిన టమోటాలు, మొలకెత్తిన ఎర్రగడ్డలు కుప్పగా బేరమాడి తెచ్చేది. పప్పులో కందిబేడలు తగ్గించి సొరకాయ పెంచింది. బట్టల సబ్బు మూడు ముక్కలు కోసి రెండు దాచేది. గుడ్లు మానేసింది. పాల ప్యాకెట్టు పెద్దది పోయి చిన్నదైంది. బిడ్డ పాలకు ఏడిస్తే తను కాచుకున్న టీలోనే బన్ను ముంచి పెట్టేది. బిడ్డ ఇష్టంగానే తినేది. ఇంత చేసినా శుక్రవారానికే చెయ్యి ఖాళీ. అన్నిటికంటే పెద్ద ఖర్చు బియ్యం మూట.

రేషన్ కార్డు మీద వచ్చే స్టోరు బియ్యాన్ని ఆ వీధిలో సగం మంది వండరు. చిన్నబ్బ అనే మనిషి మోపెడ్ మీద వచ్చి, తృణమో పణమో చేతిలో పెట్టి గోతంలో పోసుకుపోతాడు. దానికి నాలుగింతలు పోసి అంగట్లో సన్నబియ్యం తెచ్చుకుంటారు. ఇంటికొచ్చిన బియ్యాన్ని అమ్ముకుని మళ్ళీ బియ్యమే కొనుక్కోవడమేందని ఒకరోజు కోమలికి తోచింది. మొగుడు అన్నం తినేటప్పుడు కదిపి చూసింది.

"మామా, స్టోరు బియ్యమే వండుకుంటే ఏమవుతాది?"

"నా బిడ్డకు స్టోరు కూడు పెట్టేదానికి నేనింకా చావలేదు మే," అన్నాడు మునిప్రసాద్ కంచంలోంచి తలెత్తకుండానే. "చిన్నప్పుడు తినీ తినీ ఆ వాసనంటేనే నాకు కడుపులో తిప్పతాది. ఆ మాట ఇంకోతూరి ఎత్తొద్దు."

ఎత్తలేదు. ఖాళీ అయిన సన్నబియ్యం సంచిని దులిపి, దాంట్లో స్టోరు బియ్యం పోసి మూతి కట్టింది. చిన్నబ్బ గేటు ముందర హారన్ కొడితే, "ఈ నెల మేము తెచ్చుకోలేదన్నా" అని లోపల్నుంచే అబద్ధం చెప్పింది. బియ్యాన్ని నాలుగు నీళ్ళు కడిగి, గంటసేపు నానబెట్టి, గంజి వార్చి వండింది. మునిప్రసాద్ తిన్నాడు. చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. రెండోరోజు మాత్రం, "ఈ తూరి బియ్యం బాగా ఒదుగుతాండాయే" అన్నాడు. కోమలి గబుక్కున నీళ్ళ చెంబు అతని ముందుకు జరిపింది.

అయినా ధైర్యం చేసింది. మిగిలే డబ్బుతో వచ్చే వారం నుంచి గుడ్లు తేవచ్చనుకుంది. ఇప్పుడీ గింజలు.

పోయిన మాఘంలో పలమనేరులో వాళ్ళమ్మ పోయింది. అంతవరకూ ఏ అనుమానం వచ్చినా కోమలి అమ్మకే ఫోన్ చేసేది, బిడ్డకు దద్దుర్లొచ్చినా, దోసెపిండి పులవకపోయినా. ఇప్పటికీ వేలు ఆ నంబరు దాకా పోతుంది. ఆ ఫోను తమ్ముడి దగ్గరుంది. వాడు ఎత్తి "ఏందక్కా?" అంటే ఏం చెప్పాలో తోచక, "ఏంలేదురా, తిన్నావా?" అని పెట్టేస్తుంది. ఆ రోజూ అంతే చేసింది.

గింజల్ని కొంగులో వేసుకుని పక్క వాటాకు పోయింది. ఇంటి ఓనరు ఆదిలక్ష్మమ్మ అక్కడే ఉంటుంది. అరవై దాటిన మనిషి, ఫోనులో వచ్చిన వీడియో ఒక్కటి కూడా వదలదు.

"ఇది ప్లాస్టిక్కే మే!" అంది ఆదిలక్ష్మమ్మ గింజను ముక్కు దాకా తెచ్చి చూసి. "నేను వీడియోలో సూడలా? ముద్ద చేసి కొడితే బంతి మాదిరి ఎగరతాది. మా మరిదికి తెలిసినాయన ఒకాయన ఇది తిని కడుపు ఉబ్బరించి…"

"చచ్చిపోయినాడా అవ్వా?"

"లేదులే, బాగానే ఉండాడు. అయినా ఉబ్బరించింది గదా! పో, కూడు ఎత్తుకురా, ఇప్పుడే సూద్దాం."

కోమలి పిడికెడు అన్నం తెచ్చింది. ఆదిలక్ష్మమ్మ దాన్ని గట్టిగా పిసికి ఉండ చేసి అరుగు మీదకు కొట్టింది. ఉండ జానెడు లేచి మెట్ల కింద పడింది. వీధి కుక్క వచ్చి ఒక్క నోటికే మింగేసింది.

"ఎగిరింది మే!"

"కుక్క తినేసిందే అవ్వా…"

"కుక్కకేం తెలుసు? అది నా చెప్పులు గూడా తినింది."

కోమలికి ఏదో తట్టింది. "అవ్వా, మీ ఇంట్లో కూడు గూడా ఒక ముద్ద ఇయ్యి" అంది. ఆదిలక్ష్మమ్మ ఇంటి సన్నబియ్యం అన్నాన్ని అట్లాగే ఉండ చేసి కొట్టారు. అదీ జానెడు లేచింది. ఆదిలక్ష్మమ్మ నోరు తెరిచి, అరుగు మీద కూలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఓయమ్మో, అంత రేటు పోసి నేను గూడా ప్లాస్టిక్కే తింటా ఉండానా? అదే నిన్నట్నించి నాకు పొట్ట బరువుగా ఉండాది."

కోమలికి నవ్వు వచ్చింది. నవ్వు సగంలో ఉండగానే లోపల్నుంచి లోహిత "అమ్మా" అంది, ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. అన్ని బియ్యాలూ ఎగురుతాయని తేలింది గానీ, ఈ గింజలు ఎందుకు తేలుతున్నాయో ఎవరు చెబుతారు?

బియ్యం పారబొయ్యలేదు. పారబోస్తే ఆదివారం దాకా పొయ్యి మీద పెట్టేది ఏమీ లేదు. మొగుడికి చెప్పలేదు. చెబితే, వద్దన్న కూడు బిడ్డకు పెట్టి బిడ్డ కడుపు చెడగొట్టినావా అంటాడు. 

ఆ రోజు నుంచి కోమలి బియ్యం కడిగేటప్పుడు కిటికీ కిందే కూర్చునేది. తేలిన గింజ ప్రతిదీ తీసేది. తేలనివాటిల్లో కూడా పసుపుగా కనబడినవి ఏరేది. వాటిని పాత మాత్రల డబ్బాలో వేసి చీరల వెనక దాచింది. ఎందుకు దాస్తోందో తనకే తెలియదు. రేపు బిడ్డకు ఏమైనా అయితే డాక్టరుకు చూపించాలి కదా అనుకునేది, ఆ ఆలోచన రాగానే డబ్బా మూత గబగబా పెట్టేసేది.

ఇంకో పద్ధతి కూడా పెట్టుకుంది. పొద్దున ఏడింటికి మొదట తను తినేది. తిని గడియారం కేసి చూస్తూ కూర్చునేది. కడుపులో ఏ చిన్న గుడగుడ వచ్చినా చెవులు నిక్కబొడుచుకునేది. పది దాకా తనకేమీ కాకపోతే అప్పుడు బిడ్డకు పెట్టేది. ఆ మూడు గంటలూ లోహిత ఆకలికి ఏడిస్తే టీ, బన్ను. మొగుడికి క్యారియరు మాత్రం పది దాకా ఆగకుండా కట్టెయ్యాల్సి వచ్చేది. పెద్దమనిషి, అరిగించుకుంటాడులే అని తనకు తనే చెప్పుకునేది. చెప్పుకుని, అతను సాయంత్రం గేటు తీసేదాకా వీధిలోకి చూస్తూనే ఉండేది.

బిడ్డ నొప్పి తగ్గలేదు. ముఖం కూడా పాలిపోతున్నట్టుంది. ఏరడంలో ఏ గింజ తప్పిపోయిందో అని రాత్రి కడిగిన బియ్యాన్ని పొద్దున మళ్ళీ కడిగేది.

గింజలు ఏరడం మొదలైన తొమ్మిదో రోజున అంగన్‌వాడీలో పిల్లల్ని తూకం వేశారు. టీచరు కృపామణి లోహితను తూచి, పుస్తకంలో రాసి, ఎందుకో ఆగింది. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కింది రెప్పను వేలితో లాగి చూసింది.

"ఏం పెడతా ఉండావు కోమలీ బిడ్డకు?"

అంతే.  కోమలి అక్కడే గోడకు జారగిలబడి, కొంగు మూట విప్పి డబ్బా తీసింది. ఆ పొద్దు ఎందుకో దాన్ని వెంట తెచ్చుకుంది.

"టీచరక్కా, నేను పెట్టలేదు. అన్నీ ఏరేసినా. చూడు, ఇన్ని ఏరినా. అయినా లోపలికి పోయినట్టుండాది. బిడ్డ బతుకుతాదా అక్కా?"

కృపామణి డబ్బా మూత తీసి చూసింది. నవ్వుతుందేమోనని కోమలి భయపడింది. ఆమె నవ్వలేదు. లేచి లోపలికి పోయి, కేంద్రానికి వచ్చిన బియ్యం మూటలోంచి గుప్పెడు తెచ్చి చాట మీద పోసింది. వేలితో కదిపి రెండు గింజలు పక్కకు తీసింది. అవే. పసుపు, నున్నన.

"ఇవి బియ్యప్పిండే మే. రక్తం పట్టే మందు కలిపి, మిషన్లో గింజలు మాదిరి ఒత్తి, నూటికొకటి చొప్పున కలుపుతారు. కొన్ని తేలతాయి. ఈడ పిలకాయలందరికీ మధ్యాహ్నం పెట్టేది ఇదే. నేనూ తింటా."

"అంటే… నేను మందు ఏరేసి పెట్టినానా?"

"ఏరేసినావు. సరే, ఇన్నాళ్ళకే ఇట్ట తెల్లగా అయిపోరు. ఈ రక్తం తక్కువ ముందర్నించీ ఉండేదే. కడుపునొప్పి పురుగులు గూడా అయ్యుండచ్చు. నా మాట కాదు, రేపు పొద్దున్నే సర్కారు ఆసుపత్రికి పోయి రక్తం చూపించు. మీ ఆయన్ని గూడా పిలుచుకో, సూది పెడితే బిడ్డను పట్టుకునేవాళ్ళు ఉండాల."

ఇంటికి నడుస్తుంటే గింజల భయం ఒక పక్క తగ్గి, రెండు భయాలు కొత్తగా చేరాయి. ఒకటి, ఆసుపత్రి. రెండోది, మునిప్రసాద్‌కు చెప్పడం.

సాయంత్రం అతను కుళాయి దగ్గర సిమెంటు దుమ్ము కడుక్కుంటుంటే కోమలి తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"మామా, ఒక మాట చెప్తా. కొట్టినా సరే."

"ఏందిమే? నేనెప్పుడు కొట్టినా నిన్ను?"

"ఎప్పుడూ కొట్టలే. ఈ పొద్దు కొడతావేమోనని."

మొత్తం చెప్పింది. సంచి మార్చింది, చిన్నబ్బకు అబద్ధమాడింది, గింజలు, కడుపునొప్పి, టీచరు రెప్ప లాగి చూసింది. మునిప్రసాద్ చెవుల్లో సబ్బు నురుగుతోనే చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు. 

"బియ్యం సంగతి మొదటి ముద్దకే తెలిసింది," అన్నాడు. "నేను పెరిగిందే ఆ కూడుతో. నా నాలిక్కి తెలియకుండా పోతాదా?"

"తెలిసీ గమ్మునున్నావా? నేను ఈడ చస్తా ఉంటే?"

"చెప్తే ఏమని చెప్పాల? అంత పెద్ద మాట అంటిని. స్టోరు కూడు వద్దంటే, సన్నబియ్యం మూట తే అంటావు. యాడ్నించి తెచ్చేది? ఒదుగుతాండాయి అంటే నువ్వే నోరు తెరుస్తావేమో అనుకున్నా. తెరవలా. సరే, ఇట్టే గడిచిపోనీలే అనుకున్నా."

తువ్వాలు తీసుకోకుండానే లోపలికి పోయి, తడిచేత్తో నిద్రపోతున్న లోహిత రెప్పను లాగబోయి, వేలు వెనక్కి తీసుకున్నాడు.

"కడుపునొప్పి సంగతి చెప్పుండాల్సింది మే," అన్నాడు మెల్లగా. "అది మాత్రం నాకు తెలియలా."

మర్నాడు అతను పనికి పోలేదు. రక్తం తీసేటప్పుడు బిడ్డను అతనే పట్టుకున్నాడు. లోహిత అరుపుకు కోమలి గోడ వైపు తిరిగి చెవులు మూసుకుంది. చీటీ వచ్చేదాకా ఇద్దరూ బిడ్డను మార్చి మార్చి ఎత్తుకున్నారు. చీటీలో అంకె చూశారు గానీ, ఆ అంకె మంచిదో చెడ్డదో ఇద్దరికీ తెలియలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. చీటీ చూసి, బిడ్డ పొట్ట నొక్కి, "రక్తం తక్కువుంది" అంది. "పాలు తాగుతుందా?"

"టీ తాగుతాది మేడం," అంది కోమలి.

"రోజుకు ఎన్నిసార్లు?"

కోమలి లెక్కపెట్టుకుని, "మూడు… ఈ మధ్య నాలుగు" అంది. డాక్టరమ్మ పెన్ను ఆపి తలెత్తింది. టీ తిన్నదాన్ని రక్తం పట్టనివ్వదని, ఈ పూట నుంచే మాన్పించమని చెప్పింది.  ఇన్నాళ్ళూ కోమలి బియ్యాన్ని చూసి భయపడి, భయపడినప్పుడల్లా బిడ్డ చేతికి ఇచ్చింది ఆ టీ గ్లాసే.

"ఇంట్లో అన్నం ఏ బియ్యంతో వండుతారు?" అని అడిగింది డాక్టరమ్మ.

వెనక వరసలో పాతిక మంది ఉన్నారు. కోమలి తల దించుకుని మొగుడి పాదాలు చూసింది.

"స్టోరు బియ్యమే మేడం," అన్నాడు మునిప్రసాద్, వరస మొత్తానికి వినబడేట్టు. "నేనూ అదే తిని పెరిగినా. మా ఆడమనిషి భయపడి మందు గింజలు ఏరేసింది. ఇంక ఏరదు. టీ గూడా ఇయ్యదు. వారం వారం గుడ్లు నేను చూసుకుంటా. బిడ్డకు ఏమీ కాదు గదా మేడం?"



డాక్టరమ్మ నులిపురుగుల మాత్ర, రక్తం మందు రాసి, చీటీ చించి ఇచ్చింది. "ఏమీ కాదు. మందు వెయ్యండి, నెల తర్వాత మళ్ళీ చూపించండి," అని వెనకవాళ్ళను రమ్మని చెయ్యి ఊపింది.

మునిప్రసాద్ బిడ్డను భుజానికి ఎత్తుకున్నాడు. కోమలి మాత్రం బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏమీ కాదని ఇంకొక్క తూరి చెప్పండి మేడం," అంది.