మార్టిన్ పక్కన చోటు

అకిల్ దీవిలో డీలియా కిల్బేన్ పెరట్లోని పెద్ద రూబార్బ్ మొక్కని చూసి ముక్కున వేలేసుకోనివాళ్లు లేరు. ఒక్క ఆకు కింద నలుగురు ఐర్లండ్ వానకి తడవకుండా నిలబడొచ్చు. కాడలనిండా ముళ్లు. మొగుడు మార్టిన్ బతికుండగా దీవిలోని దొరల బంగళా తోటలోంచి తెచ్చి నాటిన దుంప అది. ఏటా చలికి ముందు దాని ఆకులే విరిచి, బోర్లించి, మొదలుకి దుప్పటిలా కప్పేవాడు. అతను పోయాక ఆ పని డీలియా చేసేది. పిల్లలు లేని మనిషి, దేనిమీదో ఒకదానిమీద ప్రాణం పెట్టుకోవాలిగా!

పక్క పొలం ఫెస్టీకి మాత్రం ఆ చెట్టు గిట్టేది కాదు.

"పిన్నీ, ఆ పూల కంకులు గింజ కట్టకముందే కోసెయ్. ఒక్కోదాంట్లో లక్ష గింజలుంటాయట."

"నీ గొర్రెల సంగతి నువ్వు చూసుకో నాయనా. నా చెట్టు నీ గడ్డేమైనా మేసిందా?"

"ఇంకా మెయ్యలేదు," అన్నాడు ఫెస్టీ. నవ్వలేదు.

ఎండాకాలంలో సమాధుల ఆదివారం వస్తుంది. అందరూ తమవాళ్ల సమాధులు శుభ్రం చేసి పూలు పెడతారు, ఫాదర్ వచ్చి దీవిస్తాడు. మార్టిన్ పోయిన ఏడు డీలియా పూలు కొనలేదు. తన చెట్టుదే నడుమెత్తు ఎర్రటి కంకి కోసి అతని తలాపున గుచ్చింది. పక్కనే తనకోసం ఉంచిన ఆరడుగుల నేలని చేత్తో నిమిరి, "వస్తాలే," అంది. ఆ కంకి అక్కడే ఎండి రాలింది.

మరుసటేడు ఆ ఖాళీ నేలలో అరచేయంత ముడతల ఆకు లేచింది. మార్టినే పంపాడనుకుని మురిసిపోయింది డీలియా. పీకబోయిన ఫెస్టీని తిట్టి ఆపింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పైగా చలికాలం రాగానే వెళ్లి దానికీ ఆకుల దుప్పటి కప్పి వచ్చింది, పిచ్చితల్లి.

ఎనిమిదేళ్లలో సమాధి రాతిమీద మార్టిన్ పేరు కనబడకుండా పోయింది. ఆ ఆకుల కింద మధ్యాహ్నం కూడా చీకటే. ఈలోగా డీలియా గుండె జబ్బు ముదిరింది. క్రిస్మస్ దాటదన్నాడు డాక్టరు.

ఆ దీవిలో సమాధికి గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగువాళ్లే. ఆమె అడిగిందని ఫెస్టీ పార పట్టుకెళ్లి నేల చూసి వచ్చాడు. చేతులు గీసుకుపోయి రక్తం కారుతున్నాయి.

"పార దిగిందా?" అంది డీలియా.

"లేదు పిన్నీ. తొడంత లావు దుంపలు. బాబాయి మీదుగా అల్లుకుపోయాయి. వాటిని తీయాలంటే ఆయన్నీ కదపాలి. శ్మశానం గోడవతల కొత్త వరసలో చోటుంది."

"ఒక్కదాన్నేనా?"

డీలియాకి మొగుడు పోయిననాడు కూడా ఇంత భయం వేయలేదు. కిటికీలోంచి పెరట్లోని రూబార్బ్ వైపు చూసింది.

"ఈ ఏడు దానికి దుప్పటి కప్పకురా. అక్కడ సమాధి దగ్గరా కప్పకు. చలికి చావనీ."

"దాన్ని చంపేంత చలి ఈ దీవిలో ఎప్పుడు పడింది పిన్నీ?" అన్నాడు ఫెస్టీ.