మా అత్తగారితో బుడాపెస్ట్ మ్యూజియాల్లో

మే నెల చివరి శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట. భిలాయి స్మృతి నగర్‌లో మా ఇంటి ముందు టాక్సీ ఎక్కాం. ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. మనుషులం ఇద్దరం, నేనూ మా అత్తగారు పైడమ్మా. వెళ్తున్నది హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కి, మ్యూజియాలు చూడడానికి.

నేను ఇక్కడి ఒక బడిలో హిస్టరీ టీచర్ని. రోమన్ సామ్రాజ్యానికి ఉత్తరపు హద్దు డాన్యూబ్ నది అని ఏటా బోర్డు మీద ఒక వంకర గీత గీసి చెబుతాను. యాభై నిండేలోపు ఆ నది ఒడ్డున నిలబడాలి, ఆ ఊరి మ్యూజియాలు నిదానంగా చూడాలి అని పట్టుపట్టాను. మొదట మా బడిలోనే పనిచేసే ఒక స్నేహితురాలు వస్తానంది. తర్వాత వాళ్ళమ్మాయి పురుడు ఉందని ఆగిపోయింది. ఒక్కదాన్నే వెళ్ళడం మా ఆయనకి ఇష్టం లేదు. ఆ మాటలు జరుగుతుండగా అత్తగారు వంటింట్లోంచి అన్నారు.

"నానెల్తాను దానితో. నాకు పాస్‌పోర్టుంది కదేటి."

ఆ పాస్‌పోర్టు సింగపూర్‌లో మా ఆడపడుచు పురిటికి వెళ్ళినప్పుడు తీసింది. దుర్గ్‌లో ఉండే మా బావగారు ఆ సాయంత్రమే వచ్చారు. "అమ్మకి డెబ్భై మూడేళ్ళు. సుగరు. అక్కడ ఏమైనా అయితే జిమ్మేదారీ ఎవరిది?" అని అడిగారు.

"నాది," అన్నాను. అనేశాక భయం వేసింది గానీ వెనక్కి తీసుకోలేదు.

అత్తగారు మాత్రం కొడుకుల్ని చూసి, "తీర్తాలకైతే నన్ను కొండలెక్కిస్తారు. బొమ్మలు చూస్తానంటే నీరసం గుర్తొచ్చింది మీకు. ఇది ఇన్నేళ్ళనుంచి పుస్తకాల్లో ఆ బొమ్మలు చూసి మురిసిపోతాది. అందులో ఏటుందో నానూ చూస్తాను," అన్నారు. వీసా వేలిముద్రల కోసం ఇద్దరం ఢిల్లీ వెళ్ళి వచ్చాం. రెండు వారాల్లో వీసా వచ్చింది.

రాయ్‌పూర్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి గల్ఫ్ మీదుగా బుడాపెస్ట్. రెండో విమానంలో మా పక్క సీట్లో బిలాస్‌పూర్ ఆయన కూర్చున్నాడు. హంగరీలో ఒక ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేస్తాడట. మ్యూజియాలు చూడ్డానికి వెళ్తున్నామంటే ఆశ్చర్యపోయి, "దీదీ, సోమవారం అన్నీ బంద్. ఆ రోజు ట్రాములో తిరగండి," అని చెప్పాడు. నేను వేసుకున్న ప్లాను సోమవారం నుంచే మొదలు. విమానంలోనే మార్చుకున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆదివారం మధ్యాహ్నానికి దిగాం. విమానాశ్రయం నుంచి ఊరి మధ్యకి నేరుగా బస్సుంది. దానికి టికెట్ వేరే కొనాలి, మామూలు పాసు పనిచేయదు. మేము దిగిన గది ఒక పాత భవనంలో మూడో అంతస్తు. ఇనుప తలుపుల లిఫ్టు, చిన్న వంటగట్టు. అత్తగారు చెప్పులు విప్పగానే పెట్టెలోంచి రైస్ కుక్కర్ తీసి అన్నం పడేశారు. ఆవకాయ ఉంది, పెసరపప్పు ఉంది, దారిలో తినడానికి వేయించిన ఖుర్మీ ఒక డబ్బా నిండా ఉంది. భిలాయిలో ఏ పండక్కైనా చేసుకునే గోధుమపిండి, బెల్లం బిళ్ళలు అవి. సుగరు ఉన్న మనిషి బెల్లం ఎందుకు తెచ్చారంటే, "పడిపోయినప్పుడు పనికొస్తాది," అన్నారు.

సోమవారం ట్రాములో నది వెంబడి అటూ ఇటూ తిరిగాం. పార్లమెంటు భవనం, వంతెనలు, అవతల కొండ మీద కోట. నా డాన్యూబ్ నీలంగా లేదు, బురదగా, వేగంగా పోతోంది. అత్తగారు చాలాసేపు చూసి, "మన శివనాథ్ నది కంటే పెద్దదే. నాగావళికి వరదొస్తే ఇలాగే ఉంటాది," అన్నారు. సాయంత్రం ఒక బండి దగ్గర లాంగోష్ తిన్నాం. పళ్ళెమంత పూరీ మీద వెల్లుల్లి, మీగడ, చీజు. సగం ఆవిడ, సగం నేను.

మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి పసుపురంగు మెట్రో ఎక్కాం. నేల కిందికి మెట్లు కొన్నే, పెట్టెలు చిన్నవి, పాతకాలపు చెక్క పని. వీరుల చౌక్ దగ్గర దిగితే ఎదురుగా పెద్ద కళా మ్యూజియం. పది గంటలకి తలుపులు తీశారు. సంచులు లోపలికి తీసుకువెళ్ళనివ్వరు, క్లోక్‌రూంలో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. మందులు, ఖుర్మీ డబ్బా, ఆవిడ ఫోను అన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. గంటన్నరలో బయటికి వస్తాం కదా అనుకుని ఇచ్చేశాను.

ముందు కింది అంతస్తులో ఈజిప్టు గదులు. గాజు పెట్టెలో మమ్మీని చూసి అత్తగారు, "ఇన్నేళ్ళు ఉంచీసేరు, పాపం. కాల్చీవోళ్ళు లేరేటి," అని నమస్కారం పెట్టారు. తర్వాత పై అంతస్తు. ఎర్ర గోడలు, నిలువెత్తు పటాలు. ఒక గదిలో బిడ్డనెత్తుకున్న తల్లి, పక్క గదిలో మళ్ళీ ఆ తల్లే. "ఒకే తల్లి. ఒక్కో ఇంట్లో ఒక్కోలాగ ఉంది," అన్నారు. నేను నాలుగు ముక్కల్లో చెప్పబోతే చేత్తో ఆపి, తనే దగ్గరికి వెళ్ళి చూసేవారు.

స్పెయిన్ చిత్రాల దగ్గర నేను నిలబడిపోయాను. నీళ్ళకుండ నడుముకి ఆనించుకుని ఒక పనిపిల్ల మనవైపు సూటిగా చూస్తూ ఉంటుంది. రాజులూ కాదు, దేవతలూ కాదు. అత్తగారు, "నువ్వు చూసుకో. నాను పక్క గదిలో బల్ల మీద కూకుంటాను," అన్నారు. సరేనన్నాను.

పక్క గదిలోకి వెళ్ళేసరికి బల్ల ఖాళీ.

ఆ తర్వాతి గది చూశాను, దాని తర్వాతది చూశాను. గదులన్నీ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెరుచుకుంటాయి, అన్నిటికీ అవే ఎర్ర గోడలు. తిరిగి తిరిగి మళ్ళీ కుండ పిల్ల దగ్గరికే వచ్చాను. పన్నెండు దాటింది. ఆవిడ పొద్దున్న మాత్ర వేసుకున్నారు, తిని నాలుగు గంటలైంది. హిందీ, తెలుగు తప్ప ఇంకో భాష రాదని నా నమ్మకం. అక్కడున్న కాపలా ఆయనకి చేతులూపి ఇంగ్లీషులో చెప్పాను. చీర, తెల్ల జుట్టు, డయాబెటిస్. అతను వైర్‌లెస్‌లో ఏదో అన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను. మా బావగారి ప్రశ్నే చెవిలో వినిపిస్తోంది.

చివరికి ఒక ఉద్యోగిని వచ్చి, నవ్వుతూ, రమ్మని పిలిచింది. కింద మెట్ల పక్కన సిబ్బంది టీ తాగే చిన్న గది. అందులో మా అత్తగారు కుర్చీలో కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నారు. ఎదురుగా నీలం కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, అరవై అయిదు పైనే ఉంటాయి, చక్కెర గిన్నె పట్టుకుని కూర్చుంది. ఆవిడ పై గదుల్లో కాపలా ఉంటుంది. వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకున్నాను.

"ఎక్కడికెళ్ళిపోయారు అత్తయ్యా?"

"నానెక్కడికెల్నాను? బొమ్మలెంట ఎల్నాను. కళ్ళు తిరిగి చెమటలు పట్టీసేయి. ఈవిడ దగ్గరికెల్లి సుగరు, సుగరు అన్నాను. తెలీలేదు ఆవిడకి. అప్పుడు చాయ్, సాహర్ అన్నాను. బేగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చీసింది."

సాహర్ అంటే రష్యన్‌లో పంచదార. మా అత్తగారికి రష్యన్ మాటలు వచ్చని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలీదు. కొత్త కోడలిగా భిలాయి వచ్చినప్పుడు వాళ్ళ క్వార్టరుకి దగ్గర్లో ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన రష్యన్ కుటుంబాలు ఉండేవట. ఒకావిడ మజ్జిగ కోసం వచ్చేదట. "నాకు హిందీ రాదు, ఆవిడికీ రాదు. ఆవిడ సాహర్ అంటే నాను పంచదార అనీదాన్ని. అలాగ కొన్ని మాటలు అయ్యేయి. ఎల్లిపోయేటప్పుడు ఏడిసింది," అన్నారు.

నీలం కోటు ఆవిడ కూడా ఏదో చెప్పింది. నన్ను తీసుకొచ్చిన ఉద్యోగిని దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ చిన్నప్పుడు బడిలో రష్యన్ తప్పనిసరి. ఎవరికీ ఇష్టం ఉండేది కాదు, పరీక్ష రాసి మర్చిపోవాలనే చదివేవారు. "ఆ భాషలో నేను ఒక మనిషితో మాట్లాడడం ఇదే మొదటిసారి," అందట ఆవిడ.

ఆవిడ కోటు మీద పేరు బిళ్ళ చూసి నేను పైకి చదివాను. కోవాచ్ ఇలోనా. కోవాచ్ ఇంటిపేరు, హంగరీలో ఇంటిపేరే ముందు రాస్తారు. అత్తగారికి చెబితే, "మనలాగేనా? మంచి అలవాటు," అని తన పేరు ఇంటిపేరుతో సహా ఆవిడకి నేర్పారు. ఆవిడ పైడమ్మని 'పాయ్దమ' అంది. అత్తగారు రెండుసార్లు సరిదిద్ది వదిలేశారు.

గదికి వచ్చి మీటరు పెట్టి చూస్తే సుగరు మామూలుగానే ఉంది. మా ఆయనకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. దాచాలనిపించలేదు.

"బస్ సుజాతా, ఇంక చాలు. మిగతా రోజులు గదిలో ఉండండి. భయ్యాకి నేనేం చెప్పాలి?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను సరేనబోతుండగా అత్తగారు ఫోన్ లాక్కున్నారు.

"ఒరే, దాన్నేటీ అనకు. కళ్ళు తిరిగినది నాకు, తాగినది నాను, లేచినది నాను. బిలాయిలో తిరగవేటి కళ్ళు? రేపు కొండ మీద మ్యూజియానికి ఎల్తాం. ఎల్లుండి ఇంకోటుంది. మీ అన్నకి అదే చెప్పు."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "నువ్వెందుకలాగ మొహం వేలాడేసేవు? ఇంత దూరం గోడలు చూడ్డానికొచ్చేమా?" అన్నారు.

అప్పుడే నేనూ తేల్చుకున్నాను. మానేది లేదు, కానీ పద్ధతి మార్చాలి. కాగితం మీద గది అడ్రసు, నా నంబరు, సుగరు సంగతి ఇంగ్లీషులో రాసి ఆవిడ జాకెట్టులో పెట్టాను. చక్కెర పొట్లం కొంగున ముడి వేసుకున్నారు. రెండు గంటలకోసారి బయటికి వచ్చి తినాలి. ఒకరికి కనపడకుండా ఇంకొకరు గది దాటకూడదు.

బుధవారం బస్సులో కోట కొండెక్కాం. అక్కడి గ్యాలరీలో హంగరీ వాళ్ళ సొంత చిత్రాలుంటాయి. యుద్ధాలు, పొలాలు, మంచు. ఆ రోజు వాన. మెట్ల దగ్గర ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి, రెండు అంతస్తులే చూడగలిగాం. పై అంతస్తు నన్ను ఒక్కదాన్నే చూసి రమ్మన్నారు. వెళ్ళలేదు. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని కింద నదిని చూశాం.

గురువారం చరిత్ర మ్యూజియం. ముందున్న మెట్లు చాలా ఉన్నాయి గానీ, పక్కన అడిగితే లిఫ్టు చూపిస్తారు. రాజు పట్టాభిషేకం నాడు కప్పుకునే పాత వస్త్రం ఒకటి చీకటి గదిలో ఉంచారు, వెలుతురు తగిలితే పాడైపోతుందని. బంగారు దారం పని. అత్తగారు వంగి చూసి, "ఇది కుట్టినోళ్ళ కళ్ళు ఏటయిపోయుంటాయో," అన్నారు.

నా అసలు పని కింద ఉంది. నేలమాళిగలో రోమన్ల కాలం రాళ్ళు. దూరాలు చెక్కిన స్తంభాలు, సైనికుల సమాధి ఫలకాలు. నేను బోర్డు మీద గీసే వంకర గీత పక్కన నిజంగా బతికిన మనుషులు. ఒక ఫలకం మీద భర్త, భార్య, మధ్యలో పిల్ల. ముఖాలు అరిగిపోయాయి గానీ తల్లి చెయ్యి పిల్ల భుజం మీద ఉండడం తెలుస్తోంది.

"ఈళ్ళెవరు?" అన్నారు అత్తగారు.

"ఇక్కడ కాపలా ఉన్న సైనికుడి కుటుంబం. ఎక్కడో దూరం నుంచి వచ్చుంటారు."

"ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయేరన్నమాట," అని ఆవిడ ఆ రాయి ముందు బల్ల మీద కూర్చున్నారు. మా మావగారు విజయనగరం దగ్గరి ఊరు వదిలి ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు, భిలాయిలోనే పోయారు. నేనూ ఆవిడ పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ, "పద, తినీ టైమయింది," అని తనే లేచారు.

శుక్రవారం సాయంత్రం తిరుగు విమానం. శనివారం ఢిల్లీ నుంచి రాయ్‌పూర్ వస్తుంటే పక్క సీటాయన మా సామాను మీద చీటీలు చూసి, "మాతాజీ, తీర్థయాత్రా?" అని అడిగాడు. అత్తగారు హిందీలో, కాదు, బొమ్మలు చూడ్డానికి వెళ్ళామన్నారు. నచ్చాయా అంటే, "కొన్ని నచ్చాయి. కొన్ని ఒక్కసారి చూస్తే తెలీవు," అన్నారు.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. రోజుకి ఒక్క మ్యూజియం చాలు. ఆకలి వేసేదాకా ఆగకండి. పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి, వాళ్ళు ఆగిన చోట మీరూ ఆగండి. ఒక్కదాన్నే వెళ్ళుంటే ఇంకా చాలా గదులు చూసేదాన్ని. ఆ రాయి ముందు మాత్రం అంతసేపు కూర్చునేదాన్ని కాదు.

రాయ్‌పూర్‌లో బయటికి వస్తే మా ఆయన, బావగారు ఇద్దరూ ఉన్నారు. బావగారు ముందుచూపుతో ఒక చక్రాల కుర్చీ తెప్పించి తయారుగా పట్టుకుని నిలబడ్డారు. "కూర్చో అమ్మా," అన్నారు.

అత్తగారు కుర్చీని చూశారు, కొడుకుని చూశారు. తన పెట్టె ఎత్తి ఆ కుర్చీలో పెట్టించి, దాని పక్కనే నడుచుకుంటూ కారు దాకా వెళ్ళారు.