ఇంజన్ దించిన మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మోటారు ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక తొట్టి. ఇప్పటి పిల్లలు అలాంటి దాన్ని పికప్ అంటారు. యుద్ధంలో దొరలు వాడి వదిలేస్తే మా తాత వేలంలో పాడుకుని తెచ్చాడట. అది మమ్మల్ని మోసిన రోజులకంటే మేం దాన్ని తోసిన రోజులే ఎక్కువ. అయినా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో సొంత మోటారు ఉన్నది మాకేనని మా తాత చెప్పుకోని రోజు లేదు.

ఒక ఎండాకాలం దాని ఇంజన్ పూర్తిగా మొండికేసింది. సరిగ్గా అప్పుడే మా మేనత్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది, మంత్రసాని చేతుల్లో పెట్టొద్దు, నొప్పులు రాకముందే ఇక్కడికి తీసుకురండి అని గట్టిగా చెప్పి పంపింది. బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఎద్దుల బండిలో ఆ గుంతల దారిన పోతే కాన్పు దారిలోనే అవుతుందని మా అవ్వ భయం. ఆ భయం ఇల్లంతా పట్టుకుంది. మేనత్తకు ఏమన్నా అవుతుందేమోనని నేను అన్నం కూడా సరిగా తినలేదు. మేనత్త మాత్రం నా కంచంలోది కూడా కలుపుకుని తినేది.

ఇంజన్‌ను ఊడదీసి నంద్యాలలో షెడ్డుకు పంపారు. ఊడదీసిన వైభోగం కూడా చెప్పాలి. మగవాళ్లంతా దుంగలేసి దాన్ని పైకెత్తాక మా తాత తుమ్మాడు. తుమ్మితే పని ఆపాలి కదా. అందరూ శాస్త్రం ప్రకారం ఆపారు, అంటే ఉన్నపళంగా చేతులు వదిలేశారు. అదృష్టం బాగుండి ఎవరి కాళ్లూ పోలేదు. ఈ సంగతి విన్న షెడ్డు మేస్త్రీ, బాగుచేసిన ఇంజన్‌తో తనే మా ఊరికొచ్చి, మనుషుల చేతులతో మాత్రం దించనివ్వనని కూర్చున్నాడు. ఇంకొక్కసారి కింద పడితే అది పాత ఇనుమే అన్నాడు.

అప్పుడు మా తాతకు కపిల ఎద్దులు గుర్తొచ్చాయి. కపిల అంటే ఈ కాలం వాళ్లకు తెలియదు. బావి మీద గిలక, గిలక మీద మోకు, మోకు చివర తోలు బాన. ఎద్దులు పల్లానికి నడిస్తే బాన నీళ్లతో పైకొస్తుంది, వెనక్కి నడిస్తే బావిలోకి దిగుతుంది. పొద్దస్తమానం అంతే. ఆ గిలకను విప్పి తోటలో చింతకొమ్మకు కట్టి, ఎద్దులతో ఇంజన్‌ను పైకి లాగించి, కిందికి మోటారును తోసి, అందులోకి దించాలని ఆయన ఉపాయం. మేనత్త నీడన మంచమేసుకుని కూర్చుని, "నాయనా, అవి నడుమ ఆగవు" అంది. "నువ్వు పండుకోమ్మా" అన్నాడు తాత.

మేస్త్రీ జాగ్రత్త గలవాడు. ముందు వేరే బరువుతో చూద్దామన్నాడు. వంటింట్లో పరచడానికని మా అవ్వ ఏడాదిగా సతాయించి తెప్పించుకున్న బేతంచెర్ల బండలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని కట్టారు. ఎద్దులు బావి దగ్గర ఎంత దూరం నడిచేవో అంత దూరమూ నడిచాయి. బండలు పోయి గిలకను తాకాయి. బానలో నీళ్లు కాలువలో పడే సేపు ఆగి, ఎద్దులు అలవాటు ప్రకారం చకచకా వెనక్కి నడిచాయి. తాత ఆగమని అరిచిన కొద్దీ ఇంకా వేగంగా నడిచాయి. మా అవ్వ వంటిల్లు ముక్కలు ముక్కలై చింతచెట్టు కింద పరుచుకుంది. ఆ తర్వాత మా అవ్వ అన్న మాటలు రాయడానికి వీల్లేదు.

మేనత్త రెండు చేతులూ మంచానికి ఆనించి లేచింది. పెండ్లికి ముందు ఆ ఎద్దులతో కపిల తోలింది ఆమేనని అప్పటిదాకా ఎవరికీ గుర్తే లేదు.

"కరువులో నీళ్లు అడుక్కి పోయినప్పుడు బాన రాయికి తగిలి చినగకుండ నేను దించలేదా నాయనా? ఎత్తేదానికి బలముంటే చాలు. దించేదానికే పని తెలియాల. నువ్వు పక్కకు రా."

మేస్త్రీ మోకుకు ఇంజన్ కట్టాక ఆమె ఎద్దుల ముందుకు పోయి, కొమ్ముల మధ్య చేయి పెట్టి, గొంతులోనే "హో... హో..." అంది. ఎద్దులు చెవులు రిక్కించాయి. ఆమె అడుగు వేస్తే అడుగు వేశాయి, నిలబడితే నిలబడ్డాయి. ఇంజన్ గాల్లో ఆగింది. మోటారును కిందికి తోశారు. మేస్త్రీ బానెట్ దగ్గర వంగి "ఇంకొంచెం అక్కా" అంటే, మేనత్త "హో" అనేది, ఎద్దులు ఒక్క డెక్క వెనక్కి పెట్టేవి. ఇంజన్ ఇంక జానెడు దిగితే కూర్చుంటుందనగా మా తాత మళ్లీ తుమ్మాడు.

మగవాళ్లంతా కొయ్యబారిపోయారు. ఒకాయన అలవాటుగా చేతులు కూడా పైకెత్తేశాడు. మేనత్త వెనక్కి తిరక్కుండానే, "ఎద్దులకు శకునాలు తెలీవులే, మీరు కానీండి" అంది. ఇంకొక్క "హో"తో ఇంజన్ తన చోట కూర్చుంది.

రెండు రోజులకు మేనత్తను అదే మోటారులో పరుపేసి నంద్యాలకు తీసుకుపోయాం. కొత్తగా బాగుచేసిన ఇంజన్‌ను మొదట మెల్లగా నడపాలని మేస్త్రీ ఆన. మా తాత దాన్ని ఎంత భక్తిగా పాటించాడంటే, దారిలో గడ్డి బండ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఒక బండాయన జాలిపడి, "ఏందప్పా, తాడేసి లాగాల్నా?" అని అడిగాడు. తాత ఆయన వైపు చూడనైనా లేదు. ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా బాగున్నారని తెలిశాక మా అవ్వ బండల సంగతి మళ్లీ ఎత్తుకుంది.

బిడ్డను ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం మేనత్త వాణ్ణి భుజం మీద నిద్రపుచ్చి ఉయ్యాలలోకి దించడం చూశాను. వంగుతూ, ఆగుతూ, గొంతులోనే "హో... హో..." అంటోంది. వాడు కదల్లేదు.

ఆ మేనత్త ఇప్పుడు లేదు. నేను నా పిల్లల్నీ, మనవళ్లనూ, మొన్న మొన్న మునిమనవరాలినీ ఆ పిలుపుతోనే పడుకోబెట్టాను. "పిల్లను పడుకోబెడతాండావా, ఎద్దుల్ని తోల్తాండావా అత్తా?" అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. దాని చేతుల్లో నుంచి మంచం మీదికి దిగిన పిల్ల ప్రతిసారీ లేచి ఏడుస్తుంది. అప్పుడు కోడలు నన్నే పిలుస్తుంది.